ఆర్డినరీ హై-వాటర్ మార్క్

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఏటి ఒడ్డు భూస్వాములకూ, గాలం వేసేవాళ్లకూ తగాదా వచ్చినప్పుడల్లా వార్తల్లోకొచ్చే మాట ఇది. ఏటి నీరు చాలాకాలం నిలిచి నేల మీద వదిలిన ఆనవాలే ఈ గీత.

మోంటానాలో 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పుల వెంట 1985లో చట్టం వచ్చింది. వినోదానికి పనికొచ్చే ఏరైతే చాలు, అడుగునేల ఎవరిదైనా, ఈ గీత లోపల జనం నడవొచ్చు, చేపలు పట్టొచ్చు. గట్టున గడ్డి మొలవడం ఆగిపోయి గులకరాళ్లు మొదలయ్యేచోట దాన్ని వెతకాలి. వరద మైదానం లెక్కలోకి రాదు. ఏటిని చేరడానికి ప్రైవేటు పొలంలో అడుగుపెట్టకూడదు. ప్రభుత్వ రోడ్డు వంతెన దగ్గర దిగొచ్చు.

గీతకు పైనున్న గట్టు మాత్రం యజమానిదే. ఏటి ఆరోగ్యం చాలావరకు అక్కడే తేలుతుంది. నీటి మీదికి వంగిన విల్లో పొదల నీడలో ట్రౌట్ చేపలకు కావలసిన చల్లదనం ఉంటుంది. పశువులు తొక్కి గట్టు విరిగితే, సన్నటి మట్టి గులకరాళ్ల సందుల్లో పేరుకుని చేపగుడ్లకు ఊపిరాడదు. గుడ్లున్న రాళ్లను వేటకొచ్చినవాళ్లు తొక్కినా నష్టమే. మోంటానాలో ఏడాదంతా పారే ఏటి గట్టును మార్చాలంటే యజమానికైనా అనుమతి కావాలి; ఆ చట్టం 1975 నాటిది.

అక్కడున్న మన తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సింది: ఫిషింగ్ లైసెన్సు ఉన్నంతమాత్రాన ఒకరి నేలలోకి వెళ్లే హక్కు రాదు. రాష్ట్రం దాటితే నియమమూ మారుతుంది. కొలరాడోలో ప్రైవేటు నేల మీద పారే ఏట్లో పడవ దిగి అడుగున కాలు మోపినా అక్రమ ప్రవేశం కేసు పెట్టొచ్చు.