నీటిని నీటితోనే ఆపే రింగ్

సికింద్రాబాద్‌లోని రాణీగంజ్‌లో పంపులు, బేరింగులు అమ్మే దుకాణంలో అడిగితే ఓ-రింగ్ ఇస్తారు. నల్లటి రబ్బరు చుట్టు, కొన్ని రూపాయల వస్తువు. సికింద్రాబాద్ నుంచి రైలెక్కి విశాఖ రుషికొండలో స్కూబా నేర్చుకుని, నీళ్లలో ఫొటోలు తీయాలనుకునే వాళ్ల కెమెరా ఉండే, నీరు చొరని పెట్టెను కాపాడేది ఇలాంటి రింగే. మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కదా సార్, పెట్టెలోకి నీళ్లు ఇంకా ఎక్కువ రావాలి కదా?" జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు!

ప్రతి పది మీటర్లకూ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 18 మీటర్ల లోతులో, పది సెంటీమీటర్ల వ్యాసమున్న కెమెరా అద్దం మీద దాదాపు 140 కిలోలు పడతాయి. 1893లో ఫ్రాన్స్‌లోని బాన్యుల్స్ తీరంలో నీటి అడుగున ఫొటోలు తీసిన జీవశాస్త్రవేత్త లూయీ బుటాన్, ఈ ఒత్తిడితో రాజీ కుదుర్చుకున్నాడు. కెమెరా పెట్టెకు గాలి నింపిన రబ్బరు బుడగ తగిలించాడు. నీరు బుడగను నొక్కితే, అందులోని గాలి పెట్టెలోకి వెళ్లి లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేసేది.

డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్ ఆ ఒత్తిడినే పనిలో పెట్టాడు. ఆయన ఓ-రింగ్‌కు 1939లో, డెబ్బై ఏళ్లు దాటాక పేటెంట్ వచ్చింది. పెట్టె అంచులో రింగ్ కూర్చునే గాడి లోతు కంటే రింగ్ మందం కాస్త ఎక్కువ. మూత బిగించగానే రింగ్ కొంచెం నలిగి, రెండు వైపులా అతుక్కుంటుంది. నీళ్లలో దిగాక, సందులోకి వచ్చిన నీరు రింగ్‌ను గాడి అవతలి గోడకు నెడుతుంది. రబ్బరు ఆకారం మారుతుందే తప్ప ఘనపరిమాణం దాదాపు తగ్గదు. అందుకే తన మీద పడ్డ ఒత్తిడిని ద్రవంలాగే అన్ని వైపులకూ పంచుతుంది. అంటే రింగ్ గోడలను నొక్కే ఒత్తిడిలో మొదటి బిగింపూ ఉంటుంది, నీటి ఒత్తిడీ ఉంటుంది. నీరు ఎంత నెట్టినా, రింగ్ నొక్కుడు అంతకంటే ఒక పిసరు ఎక్కువే. లోపలి నుంచి మూత పెట్టే కుక్కర్‌లో ఆవిరి మూతను బిగించినట్టే ఇదీ.

ఆ పిసరు మొదటి బిగింపు నుంచే వస్తుంది. అది లేకపోతే అంతా పోయినట్టే. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక బూస్టర్ రాకెట్‌లోని ఓ-రింగులు చలికి సాగే గుణం కోల్పోయి సందును మూయలేకపోయాయి. కెమెరా పెట్టెలో ఒక తల వెంట్రుక, ఒక ఇసుక రేణువు చాలు, ఆ బిగింపును చెడగొట్టడానికి. నీటి సాయం ఇంకా అందని పైపై లోతులోనే పెట్టెలు ఎక్కువగా కారడానికి కారణం అదే.

ఓ-రింగ్ వచ్చాక నీటి అడుగు కెమెరాల కథ చకచకా నడిచింది. సముద్ర అన్వేషకుడు కూస్తో కోసం బెల్జియం ఇంజనీరు జాన్ ద వూటర్స్ రూపొందించిన కాలిప్సో కెమెరాను 1963లో నికాన్ 'నికోనోస్' పేరుతో తెచ్చింది. పెట్టె అక్కర్లేకుండా ఆ కెమెరానే నీళ్లలో దింపగలిగేవారు. ఇప్పుడు ఫోన్లకూ పెట్టెలు దొరుకుతున్నాయి. వాటిలోనూ ఉన్నది ఈ రింగులే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు నీళ్లలో నిలకడగా తేలడం నేర్చుకోండి. తర్వాతే కెమెరా. డైవ్‌కు ముందు రింగ్‌ను సూదితో కాకుండా వేలితో తీసి, వెలుతురులో చుట్టూ చూడండి. తయారీదారు చెప్పిన గ్రీజును పలచగా, మెరుపు వచ్చేంత వరకే రాయండి. గ్రీజు నీటిని ఆపదు, ఎక్కువైతే ఇసుకను పడుతుంది. మొదటిసారి పెట్టెలో టిష్యూ కాగితం మాత్రమే పెట్టి దించండి. కాగితం పొడిగా పైకి వస్తేనే కెమెరా పెట్టండి.