మంచునీళ్లలోనూ చేతులు తడవవు... ఎలా?

ఐస్‌లాండ్‌లో సిల్‌ఫ్రా అనే నీటి చీలిక ఉంది. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు విడిపోతున్న చోటు అది. నీళ్లు అద్దంలా మెరుస్తాయి. కానీ ఏడాదంతా 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చలే! అక్కడ డైవర్లు ఒళ్లు తడవని డ్రైసూట్ వేసుకుంటారు. మరి చేతులకో? డ్రై గ్లవ్స్!

గ్లవ్స్ ఎందుకు?
నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా మన ఒంటి వేడిని లాగేస్తుంది. వేళ్లు కొంకర్లు పోతే సూటులోకి గాలి నింపే మీట నొక్కడమూ కష్టమే.

ఎలా పనిచేస్తాయి?
డ్రై గ్లవ్స్‌లో పైన నీరు చొరని రబ్బరు తొడుగు, లోపల ఉన్ని తొడుగు ఉంటాయి. ఉన్నిలో చిక్కుకున్న గాలే వెచ్చదనాన్నిస్తుంది. మణికట్టు దగ్గర గట్టి రింగు గ్లవ్‌ను సూటుకు బిగిస్తుంది.

లోతుకు దిగితే?
10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది. గ్లవ్‌లోని గాలి సగానికి కుంచించుకుపోయి, రబ్బరు చేతిని నొక్కేస్తుంది. అందుకే సూటు మణికట్టు పట్టీ కింద సన్నని గొట్టం పెడతారు. సూటులోని గాలి అందులోంచి చేతికి అందుతుంది.

ఎలా ఎంచుకోవాలి?
ఉన్ని తొడుగుతో సహా వేసుకుని, పిడికిలి బిగించి చూడాలి. మరీ బిగుతైతే రక్తం సరిగా పారక చేతులు ఇంకా చల్లబడతాయి. మరీ వదులైతే పట్టు చిక్కదు. రింగులో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీరు చొరబడొచ్చు.

చిల్లు ఉందా? గ్లవ్‌లో గాలి నింపి బకెట్‌ నీళ్లలో ముంచితే బుడగలే చెబుతాయి. సైకిల్ ట్యూబుకు పంక్చర్ చూసినట్టే!