బడ్జెట్‌కు గవర్నర్ ఆమోదం ఎందుకు? 2023లో తెలంగాణ వివాదం తేల్చినదేమిటి, తేల్చనిదేమిటి

న్యూఢిల్లీ: దేశ రాజధానిలోని అశోకా రోడ్డులో ఉన్న తెలంగాణ భవన్ వద్ద 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు ధాన్యం కొనుగోళ్లపై కేంద్రానికి వ్యతిరేకంగా ధర్నాకు దిగారు. రాష్ట్రానికి, కేంద్రానికి మధ్య అంతటి ఎడం ఏర్పడిన కాలమది. ఆ ఎడం హైదరాబాద్‌లో రాజ్‌భవన్‌కు, సచివాలయానికి మధ్య కూడా కనిపించింది. 2023 జనవరి నాటికి అది రాష్ట్ర బడ్జెట్‌నే తాకింది.

ఆ ఏడాది బడ్జెట్‌ను ఫిబ్రవరి 3న శాసనసభలో ప్రవేశపెట్టాలని ప్రభుత్వం భావించింది. అందుకు అవసరమైన సిఫార్సు కోరుతూ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్‌కు లేఖ పంపింది. ఆమోదానికి బదులు రాజ్‌భవన్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: ఉభయసభలనుద్దేశించి గవర్నర్ ప్రసంగం ఉంటుందా, ఉండదా? గడువు దగ్గరపడటంతో ప్రభుత్వం జనవరి 30న హైకోర్టులో అత్యవసర పిటిషన్ దాఖలు చేసింది. గవర్నర్‌పై ఒక రాష్ట్ర ప్రభుత్వం బడ్జెట్ కోసం న్యాయస్థానానికి వెళ్లడం అరుదైన విషయం.

ఈ చిక్కుకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. వార్షిక ఆర్థిక నివేదికను సభ ముందుంచే బాధ్యతను 202వ అధికరణ గవర్నర్‌కు అప్పగించింది. గవర్నర్ సిఫార్సు లేనిదే ఏ గ్రాంటు డిమాండునూ సభలో ప్రతిపాదించరాదని 203వ అధికరణ చెబుతోంది. ద్రవ్య బిల్లులకు అదే నియమాన్ని 207వ అధికరణ విధించింది. ద్రవ్య వినిమయ చట్టం లేకుండా రాష్ట్ర సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయడానికి వీల్లేదు. మార్చి 31లోగా పూర్తి బడ్జెట్టో, ఓట్ ఆన్ అకౌంటో సభ ఆమోదం పొందకపోతే ఏప్రిల్ నుంచి జీతాలు, పింఛన్లు, ఆసుపత్రుల ఖర్చులు అన్నీ నిలిచిపోతాయి. అందుకే ఈ సంతకానికి అంత బరువు.

అయితే ఈ సిఫార్సు గవర్నర్ ఇష్టాయిష్టాలపై ఆధారపడినది కాదు. మంత్రిమండలి సలహా మేరకే గవర్నర్ నడుచుకోవాలని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ లెక్కన తెలంగాణ వాదనకు బలం ఉంది. కానీ రాజ్‌భవన్ లేవనెత్తిన ప్రశ్నకూ ఆధారం లేకపోలేదు. ఏటా తొలి సమావేశాల ప్రారంభంలో గవర్నర్ ఉభయసభలనుద్దేశించి ప్రసంగించాలన్నది 176వ అధికరణ నిబంధన. ప్రభుత్వం దీన్ని దాటేందుకు ఒక దారి కనుగొంది. పాత సమావేశాలను వాయిదా వేసి, ప్రోరోగ్ చేయకుండా వదిలేస్తే తర్వాత జరిగేవి కొత్త సమావేశాలు కావు, వాటి కొనసాగింపే అవుతాయి. అప్పుడు ప్రసంగం అవసరం ఉండదు. 2022 మార్చి 7న బడ్జెట్ సమావేశాలు ఇదే పద్ధతిలో, గవర్నర్ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. అప్పట్లో గవర్నర్ అసంతృప్తి వ్యక్తం చేస్తూనే బడ్జెట్‌కు సిఫార్సు ఇచ్చారు.

నిజానికి ఆ ప్రసంగపాఠాన్ని రాసేది మంత్రిమండలే. తన విధానాలను తానే రాసి, వాటిని గవర్నర్ నోట సభకు వినిపించే అవకాశాన్ని ప్రభుత్వమే వదులుకున్నట్లయింది. దానితోపాటు ధన్యవాద తీర్మానంపై సభ్యులు జరిపే చర్చ కూడా పోయింది.

ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్ నేతృత్వంలోని ధర్మాసనం గవర్నర్‌కు ఆదేశాలిచ్చే ప్రశ్నలోకి పోలేదు. చర్చించుకుని పరిష్కరించుకోవాలని ఇరుపక్షాలకూ సూచించింది. ప్రభుత్వం తరఫున సీనియర్ న్యాయవాది దుష్యంత్ దవే వాదించారు. సమావేశాలను గవర్నర్ ప్రసంగంతో ప్రారంభించేందుకు ప్రభుత్వం అంగీకరించడంతో వ్యాజ్యం అక్కడితో ముగిసింది. ఫిబ్రవరి 3న తమిళిసై ఉభయసభలనుద్దేశించి ప్రసంగించారు. 6న ఆర్థిక మంత్రి టి.హరీశ్ రావు 2,90,396 కోట్ల రూపాయల బడ్జెట్‌ను ప్రవేశపెట్టారు.

నెల తిరగకముందే ఇదే తరహా వివాదం పంజాబ్‌లో తలెత్తింది. బడ్జెట్ సమావేశాలు పిలిచేందుకు గవర్నర్ బన్వరీలాల్ పురోహిత్ న్యాయసలహా తీసుకుంటానన్నారు. కేసు ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టులో విచారణకు వచ్చేసరికే ఆయన సమావేశాలు పిలిచారు. సభను సమావేశపరచడంలో గవర్నర్ మంత్రిమండలి సలహాకు కట్టుబడాలని ధర్మాసనం పేర్కొంది. గవర్నర్ అడిగిన సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ముఖ్యమంత్రిదని కూడా గుర్తుచేసింది. మార్చిలో ఢిల్లీ బడ్జెట్ ఒక రోజు ఆలస్యమై 22న సభకు వచ్చింది. అక్కడి పద్ధతి మాత్రం వేరు. కేంద్రపాలిత ప్రాంతం కావడంతో ఢిల్లీ బడ్జెట్‌కు రాష్ట్రపతి ముందస్తు మంజూరు తప్పనిసరి, అందుకే కేంద్ర హోంశాఖ వివరణలు కోరింది.

పంజాబ్ విషయంలో న్యాయస్థానం సూత్రం చెప్పింది. తెలంగాణ విషయంలో రాజీ కుదిరింది కనుక, సిఫార్సును గవర్నర్ ఎంతకాలం ఆపవచ్చన్న ప్రశ్నకు హైకోర్టు జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ రాజీ రాజ్‌భవన్‌తో వివాదాన్నీ ముగించలేదు. పెండింగ్ బిల్లులపై తెలంగాణ ప్రభుత్వం మార్చి నెలలోనే సుప్రీంకోర్టును ఆశ్రయించింది.