టూరుకు పైసలు లేకుంటే పిల్లలు ఇంటికాడనే ఉండాల్నా?

వరి కోతలు మొదలయ్యే యాళ్లకు బడులల్ల ఒక ముచ్చట లేస్తది: ఈసారి టూరు యాడికి? మునగాల, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ, యాడ జూసినా ఇదే ముచ్చట. పొద్దున పోయి రాత్రికి వచ్చే టూరు ఒక తీరు, రెండు మూడు రాత్రులు బయట ఉండే టూరు ఇంకో తీరు. పిల్లలకు ఏదైనా పండుగే. ఇంట్ల అవ్వనాయనలకు మాత్రం అది పైసల లెక్క.

‘టూరు కంపల్సరీ ఏం కాదు, ఇష్టమున్నోళ్లే రావచ్చు’ అని బడిల చెప్తరు. వినడానికి మాట మంచిగనే ఉంటది. కని ఇష్టం అందరికి ఉంటది, పైసలే అందరికాడ ఉండయ్. పైసలు కట్టలేని పిల్ల ‘మా ఇంట్ల పైసలు లెవ్వు’ అని తరగతిల చెప్పదు. ‘నాకు బస్సు పడది’ అంటది, ‘మా అత్తోళ్ల ఊర్ల పెండ్లి ఉంది’ అంటది. సార్లు అది నమ్మి పేరు కొట్టేస్తరు. కాయితం మీద ఆ పిల్ల ‘ఇష్టం లేనోళ్ల’ లెక్కల పడ్తది. ఇక్కడనే అన్యాయం మొదలైతది.

పది దినాల కూలి

రెండు రాత్రుల టూరుకు తలకు 3,000 రూపాయలు అనుకుందాం. 2025-26ల మన రాష్ట్రంల ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క పిల్లగాని టూరు పది దినాల కూలి. ఇంట్ల ఇద్దరు బడికి పోతుంటే ఇరవై దినాలు. ఇది బడికి కట్టే పైసల లెక్కనే. ఇంకా బ్యాగు, బూట్లు, చలికి స్వెట్టర్, చేతిఖర్చు ఉంటయ్. పక్కపిల్లగాడు ఐదు వందలు తెచ్చుకుంటే మనోడు యాభై పట్టుకొని పోతడా?

పైసలు ఎన్ని అన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు అడుగుతున్నరు అన్నది కూడ సూడాలె. మనది సాగర్ ఎడమ కాల్వ కింది సేద్యం. వడ్లు కల్లంల ఉన్నప్పుడు టూరు పైసలు అడుగుతరు. ఆ వడ్లు కాంటా అయ్యి, ఖాతాల పైసలు పడేసరికి టూరు పోయొస్తది. కౌలుకు జేసేటోళ్లకు చేతికొచ్చినంక కౌలు, మందుల దుకాణం అప్పు పోంగ ఏం మిగుల్తదో మనకు ఎరుకే. 2024 సెప్టెంబర్ 1న పడ్డ వానకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం కాడ ఎడమ కాల్వ తెగింది, కోదాడల ఇండ్లల్లకు నీళ్లు జొచ్చినయ్. అట్లాంటి ఏడు టూరు పైసలు అడిగితే ఎవలు కడ్తరు, ఎవలు కట్టలేరు అన్నది పిల్లల ఇష్టాన్ని బట్టి ఉండది. ఎవల పొలం మునిగింది అన్నదాన్ని బట్టి ఉంటది.

చట్టం ఏమంటది?

విద్యాహక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాక పిల్లలకు చదువు ఉచితం అంటది. పిల్లల చదువుకు అడ్డం పడే ఏ ఫీజుగానీ, చార్జీగానీ, ఖర్చుగానీ ఆ పిల్లల మీద వెయ్యొద్దని మూడో సెక్షన్ల రాసి ఉంది. అందుల టూరు అన్న మాట పేరు పెట్టి లేదు. అందుకే ‘టూరు చదువు కిందికి రాదు, అది సరదా’ అని తప్పించుకునే సందు దొరుకుతది.

కని టూరు చదువేనని సర్కారే ఒప్పుకుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది దినాలు పుస్తకాల సంచి లేకుండ బయట నేర్చుకోవాలె అని చెప్పింది. బయట తిరుగుడు కూడ చదువే అయినప్పుడు, పైసలున్నోళ్ల పిల్లలకే అది చదువు ఎట్లయితది?

ఇంకో మాట. అదే చట్టం పదిహేడో సెక్షన్ పిల్లలను కొట్టుడే కాదు, మనసు నొచ్చేటట్టు వేధించుడు కూడ తప్పంటది. ప్రార్థన కాడ నిలబెట్టి ‘టూరు పైసలు కట్టనోళ్లు చెయ్యెత్తుండ్రి’ అని అడిగేటోళ్లు ఆ సెక్షన్ ఒకసారి సదువుకోవాలె.

ఇంగ్లండుల ఎట్ల జేస్తరు?

బయటి దేశాలల్ల కూడ ఈ పంచాది ఉన్నదే. ఇంగ్లండుల 1996 విద్యా చట్టంల దీనికి రూల్స్ రాసుకున్నరు. సర్కారు బడి టూరు బడి టైంల పోతే దానికి ఫీజు పెట్టొద్దు. తల్లిదండ్రులను చందా అడగొచ్చు, కని అది చందానే అని ముందుగాల్నే చెప్పాలె. చందా ఇయ్యలేదని ఏ పిల్లను ఆపొద్దు. చందాలు సరిపోకుంటే టూరే బందు పెట్టుకోవచ్చు, కొందరిని వదిలిపెట్టి మాత్రం పోవద్దు. రాత్రి ఉండే టూరైతే బసకు, తిండికి పైసలు తీసుకోవచ్చు. కొన్ని రకాల సర్కారు సాయం మీద బతికే ఇండ్ల పిల్లలకు ఆ పైసలు కూడ మాఫీ. ఆ భారాన్ని మిగిలిన తల్లిదండ్రుల నెత్తిన ఎయ్యొద్దు, బడే వేరే నిధి చూసుకోవాలె.

అక్కడ అంతా సక్కగ నడుస్తుందని కాదు. చందాలు సరిపోక టూర్లు ఆగుతనే ఉంటయ్. అయినా మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ ముందు ‘పైసలు ఇయ్యలేని పిల్ల ఎట్ల వస్తది’ అని అడుగుతరు, ఆ తర్వాతనే టూరు ఖాయం జేస్తరు. మన తాన ముందు ఊరు ఖాయమైతది, బస్సు ఖాయమైతది, తలకు ఇంత అని లెక్క పడ్తది. బీదింటి పిల్ల ఆఖరుకు యాదికొస్తది.

ఖాళీ సీటు లెక్క

‘మరి పైసలు ఎవలు పెట్టాలె?’ అని అడుగుతరు. అడగాల్సిన మాటనే. ఒక లెక్క జూద్దాం.

ఒకరోజు టూరుకు బస్సు కిరాయి 20,000 అనుకుందాం. యాభై మంది పిల్లలు. తిండికి, టికెట్లకు తలకు 100. అందరు కడ్తే ఒక్కొక్కరికి 500 పడ్తది. పది మంది కట్టలేక ఆగిపోయిన్రు అనుకుందాం. బస్సు కిరాయి తగ్గదు. మిగిలిన నలభై మందికి తలకు 600 పడ్తది, పది సీట్లు ఖాళీగ పోతయ్. అదే పది మందిని ఉత్తగనే తీస్కపోతే నలభై మందికి పడేది 625. తేడా 25 రూపాయలే.

ఖాళీ సీటుకు కూడ మనం కిరాయి కడ్తనే ఉన్నం. ఆ సీట్ల పిల్లను కూసోబెడ్తే అదనంగ అయ్యేది తిండి, టికెట్ ఖర్చే. పది మందికి అంతా కలిపి వెయ్యి రూపాయలు. దాన్ని మిగిలిన తల్లిదండ్రుల మీద వెయ్యాల్సిన పనిగూడ లేదు. ఊర్ల వినాయకుని పందిరికి, జాతరకు చందా ఇచ్చేటోళ్లు ఉన్నరు. అదే బడిల చదివి ఇయ్యాల నౌకరి జేస్తున్నోళ్లు ఉన్నరు. వెయ్యి రూపాయలు పుట్టని ఊరు మన దిక్కు లేదు. రాత్రి ఉండే టూరుకు బస ఖర్చు ఎక్కువైతది, నిజమే. దానికి కూడ తొవ్వ ఉంది. సెలవులల్ల ఖాళీగ ఉండే గురుకులాలల్ల, హాస్టళ్లల్ల అధికారుల పర్మిషన్ తీసుకొని పండితే లాడ్జి కిరాయి మిగుల్తది.

దూరం పోతేనే టూరా?

ఖర్చు పెరిగేది ముఖ్యంగ దూరంతోనే. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిల కాకతీయుల కాలం గుళ్లున్నయ్. నాగారం మండలం ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నయ్. ఆ ఫణిగిరి శిల్పాలు 2023ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాక పోయినయ్. మన మునగాల పిల్లలల్ల ఎంతమంది ఫణిగిరి దాక పోయిన్రు?

నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి ఏసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు ఇడిసింది. మన పొలంల పారే నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో పిల్లలు కండ్లార జూస్తే సోషల్ పాఠం మల్ల చెప్పాల్సిన పని ఉండది. ఇగ పక్కనే నడిగూడెం కోట. మునగాల సంస్థానానికి దివాను పని జేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906ల విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగుల తెచ్చిండు. చదువు అందరికి అందాలె అన్న మాట మన గడ్డకు కొత్తది కాదు.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంల ఆడోళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. చిన్న బృందంగ మామూలు బస్సుల పోతే, ఆధార్ కార్డులు దగ్గరుంటే, ఆడపిల్లల ప్రయాణానికి ఖర్చే ఉండది. కిరాయికి మాట్లాడుకున్న బస్సుకు ఇది వర్తించది.

దూరం పోవద్దని కాదు. పోవాలె, బీదింటి పిల్లలు అందరికన్న ముందు పోవాలె. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిన్రు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేండ్లు గూడ నిండలే. మన భువనగిరి గుట్ట మీద ట్రైనింగ్ తీసుకున్నరు. ఖర్చు సర్కారు పెట్టుకుంది. ఆ ఖర్చు ఇంటి మీదనే ఏసి ఉంటే ఆ ఇద్దరి పేర్లు మనకు తెలిసేటియే కావు.

బడి కమిటీ ఏం జెయ్యొచ్చు?

సర్కారు బడులల్ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నయ్. టూరు సంగతి సార్లొక్కలే తేల్చుడు కాకుండ ఆ అమ్మల ముందట పెట్టాలె. జూన్లనే చెప్పి, నెలకింత అని కట్టించుకోవాలె. కట్టలేనోళ్ల సంగతి హెడ్మాస్టరుకు, ఇంకొక్కరికే తెలువాలె, తరగతిల పేర్లు సదువొద్దు. చేతిఖర్చుకు అందరికి ఒకటే హద్దు పెట్టాలె, లేకుంటే అసలే వద్దనాలె. బట్టలు యూనిఫామే. ఆడపిల్లలు పోతే టీచరమ్మలు తప్పకుండ ఎంబడి ఉండాలె. పోయొచ్చినంక బస్సుకు ఎంత, తిండికి ఎంత, మిగిలింది ఎంత అని లెక్క బడి గోడకు అతికియ్యాలె. పైసలు తక్కువని పాత బండి, రాత్రంతా నిద్రలేని డ్రైవరు మాత్రం వద్దు. పొదుపు దూరంల జేసుకోవాలె, పిల్లల పానంతోని కాదు.

ప్రైవేటు బడులకు కూడ ఇదే మాట. ఫీజే అప్పు తెచ్చి కడ్తున్న ఇండ్లు అక్కడ శానా ఉన్నయ్.

ఈసారి మీ బడి నుంచి టూరు కాయితం వస్తే, తలకు ఎంత అని అడిగే ముందు ఒక్క మాట అడగుండ్రి: తరగతిల ఎంతమంది పోతలేరు, ఎందుకు పోతలేరు? ఆ జవాబు దొరికినంకనే టూరు యాడికో తేల్చుకుందాం.