ఆధారం చూపటం ఒక అమానతు

సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని పరిశోధనా వ్యాసం వ్రాసే సోదరుల్లో ఒకరి వద్ద అరబ్బీ ముద్రణ, మరొకరి వద్ద ఉర్దూ అనువాదం ఉండవచ్చు. ఎవరు ఏ ప్రతిని చూచారో పాఠకునికి తెలియజేసేదే ఆధార సూచన. ఇది మనకు కొత్త కాదు. ఇస్నాద్ పరిశీలించనిదే హదీసువేత్తలు ఉల్లేఖనాన్ని స్వీకరించేవారు కారు.

సంకల్పాన్ని గురించిన ప్రసిద్ధ హదీసునే తీసుకోండి. సహీహ్ బుఖారీలో అది ఏడు చోట్ల వచ్చింది. కేవలం “బుఖారీ” అని వ్రాస్తే పాఠకుడు ఎక్కడ వెదకాలి? సహీహ్ ముస్లింలో ఫువాద్ అబ్దుల్ బాఖీ లెక్కన అది 1907వ హదీసు. వేరే ముద్రణలో సంఖ్య మారవచ్చు. కనుక గ్రంథం, కితాబు, బాబు, హదీసు సంఖ్యలతోపాటు ముద్రణ స్థలం, సంవత్సరం కూడా ఇవ్వాలి. దివ్య ఖుర్‌ఆన్‌కు సూరా, ఆయతు సంఖ్యలు చాలు. ఇమాం బుఖారీ (రహ్మ) మరణం హి. 256, క్రీ.శ. 870 అన్నట్లు రెండు లెక్కలూ చూపటం మేలు. మిగతా క్రమంలో పత్రిక నియమాన్ని మొదటినుండి చివరిదాకా ఒకే తీరున పాటించాలి.

మూలాన్ని చూడక ఉర్దూ గ్రంథం నుండి గ్రహిస్తే, ఆ ఉర్దూ గ్రంథాన్నే పేర్కొనాలి. చూడనిదానిని చూచినట్లు వ్రాయటం అసత్యం. దైవప్రవక్త (స) పలుకుల విషయంలో ఆ అజాగ్రత్త మరింత ప్రమాదకరం.