వారానికి ఒక్కరోజే ఎందుకు?



సోరియాసిస్ (పొలుసుల వ్యాధి)కు డాక్టరుగారు మెథోట్రెక్సేట్ మాత్రలు రాసినప్పుడు, "రోజూ వేసుకుంటే త్వరగా తగ్గదా?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఎందుకో చూద్దాం.

కణం పెరగాలన్నా, రెండుగా చీలాలన్నా ఆర్.ఎన్.ఏ., డి.ఎన్.ఏ. తయారు కావాలి. వాటి ముడిసరుకుకు ఆకుకూరల్లో దొరికే ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పనికివచ్చే రూపంలోకి మార్చేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము. మామూలుగా చర్మం పైపొర మారడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో కొద్దిరోజుల్లోనే మారిపోతుంది. మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమును ఆపుతుంది. చర్మంలో వాపు కలిగించే రోగనిరోధక కణాలను కూడా అదుపు చేస్తుంది.

ఈ ఎంజైము చురుకుదనాన్ని కొలవవచ్చు. చిన్న చర్మపు ముక్క నుండి ప్రయోగశాలలో కణాలను పెంచి, వాటిని చితిపి రసం తీసి, అందులో ముడిపదార్థాలు కలుపుతారు. ఎంజైము పనిచేసేకొద్దీ ఆ ద్రావణం పీల్చుకునే అతినీలలోహిత కాంతి తగ్గుతుంది. నిమిషానికి ఎంత తగ్గిందన్నదే కొలత. మెథోట్రెక్సేట్ కలిపితే ఆ తగ్గుదల దాదాపు ఆగిపోతుంది. ఇది పరిశోధకుల పరీక్ష; రోగులకు అవసరం లేదు.

ఈ మందు వెనుక మన గోదావరి సీమ మనిషి ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కేతో కలిసి, రంగును బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనల నుండే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు వచ్చాయి.

అయితే ఈ ఎంజైము చర్మంలోనే కాదు. రక్తం తయారయ్యే ఎముక మజ్జలో, నోటి పొరలో, పేగుల్లో కూడా ఉంది. వారానికి ఒకసారి వేసుకుంటే అవి కోలుకుంటాయి. రోజూ వేసుకుంటే కోలుకునే వ్యవధి ఉండదు.

కాబట్టి:

• వారంలో ఒక రోజు నిర్ణయించుకుని కాలెండరులో గుర్తు పెట్టండి. మరచిపోతే రెండింతలు వేసుకోకండి.
• ఫోలిక్ ఆమ్లం మాత్ర డాక్టరుగారు చెప్పిన రోజుల్లోనే వేసుకోండి.
• రక్తం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మానవద్దు. మద్యం ముట్టవద్దు.
• గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదు. బిడ్డ కావాలనుకునే దంపతులు ముందే డాక్టరుగారికి చెప్పాలి.
• మందుల షాపులో సల్ఫా, నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోకండి.
• నోటిపూత, జ్వరం, ఆయాసం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఈ మందు వాడుతుంటే, చీటీ మీద "వారానికి ఒక్కరోజు" అన్న మాట చదివి వినిపించండి.