ఆటిజం సూపర్‌వైజర్ సర్టిఫికెట్ - ఫీజు కట్టేముందు

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. మన హాస్టల్ నుంచి డిగ్రీ పూర్తిచేసిన అన్నలు చాలామంది అక్కడ కంప్యూటర్ కోర్సులు చేసినవారే. సైకాలజీ, సోషల్ వర్క్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు వేరే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, పంజాగుట్ట వైపు ఆటిజం థెరపీ సెంటర్లున్నాయి కదా, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ చేస్తే ఉద్యోగం వస్తుందా?"

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. మాటలు రాని నాలుగేళ్ల బాబు దాహం వేసినప్పుడల్లా గ్లాసు విసిరేస్తాడనుకోండి. విసరడానికి ముందు ఏం జరిగింది, విసిరాక వాడికి ఏం దొరికింది అని రోజూ కాగితం మీద రాస్తారు. విసిరితే నీళ్లు వస్తున్నాయి, అందుకే విసురుతున్నాడు. కనుక గ్లాసు బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చి అడగడం నేర్పుతారు. దీన్నే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే ఏబీఏ అంటారు. బాబు పక్కన కూర్చునేది టెక్నీషియన్. ఆ కాగితాలు చూసి, ఈ పద్ధతి పనిచేయడం లేదు, మార్చండి అని చెప్పేది సూపర్‌వైజర్. ఆయనకు పని రాకపోతే బాబుకు నెలలు వృథా, తల్లిదండ్రులకు గంటల లెక్కన కట్టిన డబ్బు వృథా. ఏబీఏ తొలి రోజుల్లో పిల్లల్ని కొట్టి శిక్షించిన మాట కూడా నిజమే. ఆటిజం ఉన్న పెద్దలే దాన్ని విమర్శిస్తున్నారు. ఈ రంగంలోకి వచ్చేవారు వారి మాటలు కూడా చదవాలి.

ఇక సర్టిఫికెట్లు. అమెరికాలో 1998లో ఏర్పడిన బీఏసీబీ అనే బోర్డు ఇచ్చే బీసీబీఏకు ఎక్కువ పేరుంది. పీజీ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని, ఆపైన పరీక్ష ఉంటాయి. అయితే 2023 జనవరి 1 నుంచి మన దేశంలో ఉండేవారి కొత్త దరఖాస్తులను ఆ బోర్డు తీసుకోవడం లేదు. కాబట్టి ఇక్కడే కూర్చోబెట్టి బీసీబీఏ ఇప్పిస్తామంటే నమ్మకండి. క్యూఏబీఏ, ఐబీఏఓ అనే మరో రెండు విదేశీ సంస్థలకు మనవాళ్లు దరఖాస్తు చేయవచ్చు. క్యూఏబీఏ వారి సూపర్‌వైజర్ స్థాయికి డిగ్రీ కావాలి, పర్యవేక్షణలో చేసిన పనిగంటలు కావాలి, పరీక్ష రాయాలి. ఆ గంటలు ఎవరు పర్యవేక్షిస్తారో, వారి సర్టిఫికెట్ ఇప్పుడు అమలులో ఉందో లేదో చూపించమనండి. వీడియోలు చూపించి వారంలో ఇచ్చే కాగితానికి ఆ సంస్థల్లో విలువ లేదు.

మన దేశంలో చట్టం వేరు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం, ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు లేనివారు పునరావాస నిపుణులుగా పనిచేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం గుర్తించిన వృత్తులలో స్పెషల్ టీచర్, క్లినికల్ సైకాలజిస్ట్ వంటివి ఉన్నాయి గానీ బిహేవియర్ అనలిస్ట్ లేదు. ఆ పేరు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూల్‌లో చేరింది. అందుచేత నా అభిప్రాయంలో ముందు ఆర్‌సీఐ గుర్తింపున్న కోర్సు, తరువాతే విదేశీ సర్టిఫికెట్.

అలాంటి కోర్సుల గురించి అడగడానికి దూరం వెళ్లనక్కరలేదు. 1984లో ఎన్ఐఎంహెచ్‌గా మొదలై ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలిచే కేంద్ర సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. అమీర్‌పేటలో అడ్వాన్స్ కట్టేముందు ఒక పూట అక్కడికి వెళ్లి సీట్లు, ఫీజు, హాస్టల్, మన స్కాలర్‌షిప్ వర్తిస్తుందా లేదా అన్నీ అడిగి రండి.